వంగిన సరస్సు

ఆర్విడ్ మాకీ లెన్సు వెనకవైపు నుంచి చిన్న టార్చి వేసి, ముందు గాజులోకి తొంగిచూస్తున్నాడు. మొదట దుమ్ము, తర్వాత బూజు, ఆ తర్వాత మరమేకుల చుట్టూ ఉండే నూనె తడి. దుమ్ముకు ధర తగ్గదు. బూజుకు సగం పోతుంది. మరమేకు తల అరిగి, ఎవరో లోపల చెయ్యి పెట్టి మళ్ళీ బిగించినట్టు కనిపిస్తే, ఆ సరుకును కొనకపోవడమే లాభం. డులూత్‌లో కొండవాలు మీద ఉన్న సండ్‌క్విస్ట్ వారి పాత కెమెరాల కొట్టులో ఈ ఎంపిక అంతా అతనిదే. అతను సరేనంటే కొన్నట్టు. తలూపకపోతే, తెచ్చినవాడు తెచ్చిన సంచీతోనే పోవాలి.

ఇవాళ మాత్రం అతను లెన్సును ఎడమ కంటికి పెట్టుకున్నాడు. అది వట్టి పేరుకే కన్ను. పిల్లవాడిగా ఉన్నప్పుడు హాకీ బిళ్ళ తగిలి, వెలుతురూ ఆకారమూ తప్ప సన్నపనికి పనికిరాకుండా పోయింది. బతుకంతా కుడికన్నే సంపాదించి పెట్టింది. ఆ కుడికంటి నడిమధ్యన కొన్ని వారాలుగా ఒక తడిమరక నిలిచింది. తుడిస్తే పోదు, నిద్రపోతే పోదు. మొదట కళ్ళజోడు మార్చాలనుకున్నాడు. తర్వాత అసలు అనుకోవడమే మానేశాడు.

అనుకోకపోవడానికి కారణం ఉంది. అతని తల్లికీ చూపు ఇలాగే మధ్యలోంచి పోయింది. చివరి రోజుల్లో ఆమె కప్పులో వేలు ముంచి, కాఫీ వేలికి తగిలినప్పుడు పోయడం ఆపేది. ఇవాళ పొద్దున వంటింట్లో నిలబడి ఆర్విడ్ తన చూపుడువేలు వంక చూసుకున్నాడు. అది కప్పులో ఉంది. ఎప్పుడు పెట్టాడో తెలియదు.

"పెద్దాయనా, ఈ నెలలో లోకంలో ఉన్న వైడ్ లెన్సులన్నిటికీ జబ్బు చేసిందా ఏమిటి?" అన్నాడు డేల్, వెనక అలమర వైపు చూస్తూ. కొట్టు ఇప్పుడు డేల్‌ది. వాళ్ళ నాన్న దగ్గర పనికి కుదిరినప్పుడు ఆర్విడ్ ఇతన్ని ఎత్తుకుని తిప్పాడు. "మూడింటికి మూడూ వంకరన్నావు. సగం ధరకు కొని మూలన పెడితే నాకు మిగిలేది ఏముంది?"

"వంకర ఉంటే వంకర అనేగా అనాలి?"

"అను. కాకపోతే అప్పుడప్పుడు ఒకటి బాగుందని కూడా అను. లేకపోతే ఆ అలవాటే తప్పుతుంది."

అలమరలోని ఆ మూడు లెన్సులకూ ఆర్విడ్ చేత్తో రాసిన చీటీలు వేలాడుతున్నాయి. మూడింటి మీదా ఒకటే మాట: గీతలు వంగుతున్నాయి.

తలుపు గంట మోగింది. రెనీ ఓలాఫ్సన్ చలిగాలిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. అమ్మకానికి పెట్టిన ఇళ్ళకు ఫొటోలు తీయడం ఆమె వృత్తి. ఇరుకు గదిలో మూలకు ఒదిగి, వీపు గోడకు ఆనించి తీస్తే గది మొత్తం పట్టాలి. అందుకు వైడ్ యాంగిల్ జూమ్ లెన్సు కావాలి. అది లేకపోతే ఆమె వృత్తి లేదు.

"నా లెన్సు పోయింది ఆర్విడ్" అంది. చేతిలో గుడ్డలో చుట్టిన మూటను కౌంటరు మీద పెట్టింది. మూట లోపల గలగలమంది. "నిన్న ఒక ఇంట్లో మెట్ల మీద స్టాండు జారింది. లెన్సు ఊడి మెట్టు మెట్టుకీ తగులుకుంటూ పోయింది, కెమెరా మాత్రం బతికింది. వాళ్ళ కుక్క కూడా జాలిగా చూసింది."

"ఇవాళ పనుందా?"

"మధ్యాహ్నం. కొండ మీద ఇల్లు. గోడంత కిటికీ, కిటికీ నిండా సరస్సు. ఆ ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు సంగతి నీకు తెలుసుగా. పోయినసారి నేను తీసిన ఫొటోలో సరస్సు గిన్నెలా ఉందంది. 'నీళ్ళు ఒలికిపోతాయి రెనీ, ఇల్లు ఎవరు కొంటారు?' అని. ఈసారి కూడా వంగితే నన్ను పిలవదు. నా ఇళ్ళలో సగం ఆవిడవే." గొంతు తేలిగ్గా ఉంచడానికి చూసింది గానీ, చేతులు మూటను వదలడం లేదు. "నీ కన్ను నమ్ముకునే వచ్చాను. నువ్వు ఏది ఇస్తే అది తీసుకుపోతాను."

ఆర్విడ్ చేతిలోని టార్చిని కౌంటరు గాజు మీద తలకిందులుగా నిలబెట్టాడు.

డేల్ అప్పటికే ఒక పెట్టె విప్పుతున్నాడు. "అదృష్టవంతురాలివి. పొద్దున్నే పళ్ళ డాక్టరు ఒకాయన అమ్మకానికి ఇచ్చిపోయాడు. చూడు, పెళ్ళికూతురిలా ఉంది. పెట్టె ఉంది, సంచీ ఉంది, ఒక్క గీత లేదు."

నిజమే. నల్లగా నిగనిగలాడుతోంది. రెనీ కళ్ళు దాని మీదే నిలిచాయి.

"గోడ చూడకుండా ఇచ్చేది లేదు" అన్నాడు ఆర్విడ్. నోటి అలవాటు. అనేశాక గుర్తొచ్చింది. గోడ చూడవలసింది తనే.

ఆ కొట్టు ఆనవాయితీ అది. వెనక సందులో ఇటుక గోడ ఉంది. దాని నాలుగు మూలలా పాత వార్తాపత్రికలు అంటించి ఉంటాయి. ఫొటో తీసి, నాలుగు మూలల్లోని అక్షరాలూ చదవగలిగితే లెన్సు మంచిది. ఒక మూల చదవలేకపోతే లోపల గాజు ఏదో పక్కకు ఒరిగిందని అర్థం. పైనెంత నిగనిగలాడినా దాన్ని నమ్మకూడదు. గోడ అయ్యాక వెనక మెట్ల మీద నిలబడి, రెండు ఇళ్ళ కప్పుల మధ్య నుంచి కనిపించే సరస్సు అంచును చూడాలి. గోడలు కట్టినవాడు తప్పు చేయవచ్చు. నీళ్ళు తప్పు చేయవు. ఆర్విడ్ తన ఉద్యోగమంతటిలో ఒక్క మంచి ఫొటో తీసినవాడు కాదు, సొంత కెమెరా కూడా లేదు. తప్పు పట్టడమే అతని విద్య. భార్య కరొలిన్ అరిజోనాలో ఉన్న చెల్లెలి దగ్గరికి చలికాలానికని వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. పోయేముందు ఆమె అన్న మాట ఒకటే: "నన్ను కూడా టార్చి వేసే చూశావు కదా ఆర్విడ్."

వెనక మెట్ల మీద గాలి కోసేస్తోంది. గోడ దగ్గర ఆగకుండా, డాక్టరు లెన్సును రెనీ కెమెరాకు బిగించి, కుడికంటికి ఆనించుకున్నాడు. సరస్సు అంచు మధ్యలో గుట్టలా పైకి లేచింది.

"ఇదీ వంగిందే" అన్నాడు. గొంతులో ఒక రకమైన నిశ్చింత. తప్పు దొరికింది, తన పని అయింది.

రెనీ ముఖం పాలిపోయింది. "మరి ఇంకేం ఉన్నాయి?"

అలమరలోంచి చీటీ కట్టిన వాటిలో ఒకటి తెచ్చాడు. మూతపడ్డ పత్రికలో ఫొటోలు తీసిన మనిషి అమ్మింది అది. రంగు రాలి, ఇత్తడి బయటపడి, జూమ్ తిప్పే రబ్బరు అరిగి నున్నబడింది. బిగించి చూశాడు. అక్కడే గుట్ట, అంతే గుట్ట. కెమెరాను కాస్త ఎడమకు తిప్పాడు. గుట్ట కూడా ఎడమకు జరిగింది. కుడికి తిప్పాడు. వెంట వచ్చింది.

అప్పుడు అతను ఇన్ని వారాలుగా చేయని పని చేశాడు. సరస్సు గీతను చట్రానికి సరిగ్గా నడిమధ్యకు తెచ్చాడు. వైడ్ లెన్సు గీతలను వంచుతుంది, నిజమే. కానీ అంచుల దగ్గర వంచుతుంది. నట్టనడుమ సాగే గీతను వంచే లెన్సును ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. ఈ సంగతి కొత్తగా వచ్చినవాళ్ళకు అతనే చెబుతాడు.

గీత నడుమనే ఉంది. గుట్టా నడుమనే ఉంది.

మెల్లగా కెమెరా దించాడు. ఉత్త కంటికి, దూరాన, ఇనుపరాయి మోసుకుపోయే పొడవాటి ఓడ ఒకటి రేవు వదిలి పోతోంది. అది గుట్ట ఎక్కింది. పైన ఒక్క క్షణం నిలిచినట్టై, మళ్ళీ దిగిపోయింది. కుడికన్ను మూశాడు. ఎడమకంట్లో అంతా మసక. కానీ ఆ మసకలో సరస్సు తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది.

లెక్క తేలిపోయింది. తేలాక దాన్ని చెరపడం కుదరదు.

"ఏమైంది?" అంది రెనీ. "ఏది తీసుకోను? చెప్పు, టైమవుతోంది."

ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేయవచ్చు. డాక్టరు లెన్సు ఇస్తే డేల్‌కు సంతోషం. పాతది ఇస్తే రెనీకి ఖర్చు కలిసివస్తుంది. ఇచ్చినది మంచిదై ఉండటానికి అవకాశం సగం. సగం అవకాశానికి సరుకు అమ్మేవాణ్ణి ఇదే మెట్ల మీద నుంచి దించేవాడు అతను.

"నువ్వు చూడు" అన్నాడు.

"నేనా? నాకేం తెలుసు?"

"అక్షరాలు చదవడం తెలుసుగా. స్టాండు వెయ్యి. గోడకు ఎదురుగా, వాలకుండా, సరిగ్గా."

ఆమె వింతగా చూసింది గానీ, అతను చెప్పినట్టే చేసింది. ముందు డాక్టరు లెన్సు. ఫొటో తీసి, వెనక తెర మీద పెద్దది చేసింది.

"కుడి పైన చదువు."

"'మంచు... ఆగే సూచన లేదు.' బాగుంది."

"కుడి కింద."

"టైర్ల ప్రకటన. ధర కూడా కనిపిస్తోంది."

"ఎడమ కింద."

"వంటల పోటీ. ఎవరో ఆవిడ బఠానీల కూరకు బహుమతి కొట్టేసింది. దొంగతనం, నా కూర తినలేదు వాళ్ళు."

"ఎడమ పైన?"

రెనీ ఆగింది. ఇంకా పెద్దది చేసింది. "ఇక్కడ... ఉన్ని ముద్దలా ఉంది. ఒక్క అక్షరం రావట్లేదు."

"మళ్ళీ తియ్యి. జూమ్ మార్చి కూడా తియ్యి."

ఎన్నిసార్లు తీసినా ఆ మూల ఉన్నిముద్దే. పెళ్ళికూతురు పెట్టెలోకి పోయింది. రంగు రాలిన లెన్సు బిగించింది. నాలుగు మూలలూ ఆమె గుక్క తిప్పుకోకుండా చదివింది. చివరికి టైర్ల ప్రకటన కింద ఉన్న ఫోను నంబరు కూడా చదివి, నవ్వింది.

"ఇప్పుడు సరస్సు. గీతను మధ్యలో పెట్టు. ఏం కనిపిస్తోంది?"

"తిన్నగా ఉంది."

"పైఅంచుకు జరుపు."

"కాస్త వంగింది."

"అది దీని స్వభావం. అన్నీ అంతే. ఇంటికెళ్ళి కంప్యూటరులో సరిచేసుకో. కిటికీ తీసేటప్పుడు మాత్రం సరస్సును మధ్యలో ఉంచు. గిన్నె అవ్వదు."

రెనీ లెన్సును విప్పుతూ చీటీ చూసింది. చీటీ చూసి, అతని వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు, తల కాస్త పక్కకు తిప్పి, కోడిపుంజు చూసినట్టు.

"ఇది వంకరని నువ్వే రాశావు" అంది నెమ్మదిగా. "ఆర్విడ్. ఎన్నాళ్ళ నుంచి?"

అతను చీటీని దారంతో సహా తెంపి జేబులో వేసుకుని లోపలికి నడిచాడు. గుమ్మం చట్రం కూడా మధ్యలో ఉబ్బి కనిపించింది. చేత్తో తడుముకుని దాటాడు.

అలమర దగ్గర మిగతా రెండు చీటీలూ తెంపాడు. "డేల్, ఇవి మంచివే" అన్నాడు. "డాక్టరుది వెనక్కి పంపు, ఎడమ మూల పోయింది. పత్రికాయనకు మనం తగ్గించిన సగం ధర పంపించు. వంకర లెన్సుల్లో లేదు."

"మరెక్కడుంది?"

ఆర్విడ్ చూపుడువేలితో కుడికంటి కింద తట్టాడు.

డేల్ కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చాడు. "కంటి డాక్టరుకు చూపించావా?" అన్నాడు.

"చూపిస్తే చెప్తాడుగా."

"నేను అటే పోతున్నాను" అంది రెనీ వెనక నుంచి. "కంటి ఆసుపత్రి కొండెక్కే దారిలోనే. కోటు వేసుకో."

"నీ ఇల్లు ఆలస్యమవుతుంది."

"ఇల్లు ఎక్కడికీ పోదు. నడు. ఇన్నేళ్ళు నాకు లెన్సులు చూసి పెట్టావు, ఒక్కరోజు నేను దారి చూపిస్తే అరిగిపోతానా?"

అతను కోటు తొడుక్కున్నాడు. దుమ్ము ఊదే రబ్బరు బుడ్డిని సొరుగులో పెట్టాడు, తుడిచే గుడ్డను మడిచాడు, కౌంటరు గాజు మీద చేత్తో ఒకసారి నిమిరాడు. తలుపు గంట మోగింది. కారు ఎక్కే ముందు రెనీ అతని మోచేయి పట్టుకోబోయి, అతని ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. అతనే ఆమె భుజం వెతుక్కుని పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో కుడికంటికి సూదిమందు వేశారు, ఇంకా చాలాసార్లు వేయాలన్నారు. ఉన్నది నిలబడవచ్చు, పోయింది రాదన్నారు. ఆర్విడ్ మాకీ మళ్ళీ ఆ కౌంటరు వెనక నిలబడలేదు.

ఆ రోజే సాయంత్రం కొట్టు మూసేవేళకు రెనీ ఫొటో పంపింది. కింద ఒక్క మాట: "ఒలకలేదు." గోడంత కిటికీ, అందులో సరస్సు, కొలబద్ద పెట్టి గీసినట్టు. డేల్ దాన్ని చాలాసేపు చూసి, దీపాలార్పాడు. కొట్టు పూర్తిగా చీకటి కాలేదు. కౌంటరు చివర, గాజు మీద తలకిందులుగా నిలబెట్టిన ఆర్విడ్ చిన్న టార్చి, పొద్దున అతను ఆర్పడం మరిచిపోయినది, తన చుట్టూ ఉంగరమంత పసుపు వెలుగుతో ఇంకా వెలుగుతూనే ఉంది.