గీత దాటిన సరస్సు

గ్యాస్ కట్టేశావా అని మూడోసారి అడిగి, భార్య జవాబు చెప్పేలోపే తనే వంటింట్లోకి వెళ్లి మర తిప్పి చూసుకున్నాడు ఆయన.

"మీకు మీ నీడ మీద కూడా నమ్మకం లేదు," అంది ఆవిడ, టిఫిన్ డబ్బా అందిస్తూ. "ఆ భుజం అలా పట్టుకున్నారేం?"

"ఆఫీసు కుర్చీ పుణ్యం. పదేళ్లుగా దానికో కాలు పొట్టి."

వాతావరణ కేంద్రంలో ఆయన్ని అనుమానం గురువుగారంటారు. అరగంటకోసారి ఉపగ్రహం నుంచి వచ్చే మేఘాల బొమ్మ మీద తుఫాను కన్ను ఎక్కడుందో గుర్తించడం ఆయన పని. ఆ లెక్కంతా ఇప్పుడు కంప్యూటరే చేస్తుంది. అయినా ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన తెర మీద పలచటి ప్లాస్టిక్ కాగితం అతికించి, మైనపు పెన్సిల్‌తో తన చుక్క తాను పెట్టుకుంటాడు. కంప్యూటర్ తీరం గీస్తుంది గానీ, రేవు వెనకున్న సరస్సును గీయదు. దాన్ని ఆయనే ఆ కాగితం మీద గీసుకున్నాడు.

ఆ ఉదయం తొమ్మిది తర్వాత రెండు బొమ్మలు రాలేదు. పదిన్నర బొమ్మలో తుఫాను రేవుకు బాగా ఉత్తరంగా, మనుషుల్లేని పల్లపు బాడవల వైపు పోతున్నట్టుంది. కేంద్రం అధికారిణి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "రేవుకు భయం లేదు గురువుగారూ. పన్నెండు గంటల లాంచీ వదలమంటాను."

ఆ లాంచీ నడిపే సరంగు ఆయన బావమరిదే. నాలుగేళ్ల కిందట ఈయన మాట విని రెండు రోజులు రేవు మూస్తే ఎండ ఫెళ్లున కాసింది. నవ్వని వాడు పాపాత్ముడు. మళ్లీ నోరు తెరవాలంటే ఆయనకు సిగ్గేసింది. కానీ తొమ్మిది గంటలకు రేవుకు ఎదురుగా సముద్రంలో ఉన్న తుఫాను గంటన్నరలో అంత దూరం ఎలా ఎగబాకింది? ఆయనకది మింగుడు పడలేదు.

మేఘాల మధ్య చిన్న సందులో సరస్సు నల్లగా కనిపిస్తోంది. అది ఆయన గీసిన గీతలో లేదు. అంగుళం పైకి జరిగి ఉంది.

"అమ్మా, ఇలా రండి. సరస్సు నడుస్తుందా?"

"కాగితం జారిందేమోనండీ."

"నాకూ అదే అనుమానం వచ్చింది. నాలుగు మూలలూ చూశాను. జారింది బొమ్మ. సరస్సుతో పాటు తుఫాను కూడా పైకి జరిగినట్టు కనబడుతోంది. అసలది రేవు మీదికే వస్తోంది."

ఆమె కాగితాన్ని వేలితో నొక్కి చూసి, కంప్యూటర్ గదికి ఫోన్ చేసింది. తొమ్మిది దాటాక ఉపగ్రహాన్ని కాస్త సర్దారట. ఆ మార్పు ఇక్కడి లెక్కలోకి ఎక్కలేదట. రేవు మూసేయమని వెంటనే కబురు పంపింది.

ఆయన బావమరిదికి ఫోన్ చేశాడు.

"మళ్లీ మొదలెట్టావా బావా? ఇక్కడ ఎండ కాస్తోంది!"

"ఎండని నమ్మకు. జనాన్ని దించు, నువ్వూ దిగు. నీ కాళ్లు పట్టుకుంటాను."

అవతల లాంచీ ఇంజను ఆపిన చప్పుడైంది. "సరే బావా, దించుతున్నా," అన్నాడతను.

ఫోన్ పెట్టేసరికి నొప్పి భుజం నుంచి మోచేతి దాకా దిగింది. లోకంలో దేన్నీ నమ్మని మనిషి ఆ నొప్పిని మాత్రం అనుమానించలేదు. వంగి, కుర్చీ పొట్టి కాలు కింద కాగితం మడత సరిచేసి, వెనక్కి వాలి కూర్చున్నాడు.

రెండింటికి అధికారిణి పరుగున వచ్చింది. "గురువుగారూ, రేవులో గాలి అందుకుంది. పైకప్పులు లేచిపోతున్నాయట. లాంచీలో ఒక్కరూ లేరు, మీ బావమరిది మీకు..."

ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఆమె ఆయన నాడి పట్టుకుని చూసింది. రెండోసారి చూసింది. ఆయనలాగే మూడోసారీ చూసి, ఏడ్చింది.

ఇంతలో సరిదిద్దిన బొమ్మ తెర మీదికి వచ్చింది. ప్లాస్టిక్ కాగితం కింద, ఆయన గీసిన మైనపు గీత లోపల, సరస్సు కుదురుగా ఉంది.