4417 దిమ్మలో మిగిలింది

విల్మార్ టెచెరా మైనపు దిమ్మను ఐసు మీంచి తీసి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊపిరి వదిలాడు. మరీ చల్లగా ఉంటే మైనం పగులుతుంది. దిమ్మను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పాడు. పరీక్ష కోసం మైనంలో పొదిగిన రోగి పేగుముక్క ఉల్లిపొర కన్నా పల్చగా తెగి, గోరువెచ్చని నీళ్ల మీద తేలింది. కుంచెతో దాన్ని గాజుపలక మీదికి ఎక్కించాడు. మొంటెవిడియోలో ఒక ఆసుపత్రి నేలమాళిగలో ముప్ఫై రెండేళ్లుగా ఆయన పని ఇదే. కుడి బొటనవేలు వంకర తిరిగింది. పై అంతస్తుల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు నలుగురుంటే గొప్ప.

పదకొండింటికి డాక్టర్ బరేరో దిగివచ్చింది. వెనకే విల్మార్ కూతురు యమీలా, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు కషాయం పోసిన సొరకాయ బుర్ర. గుమ్మం దగ్గరే ఆగింది.

"బయటికొచ్చి ఓ గుక్క తాగు నాన్నా. పొద్దున్నుంచి ఏం పడుండదు కడుపులో."

డాక్టరు కుర్చీ లాక్కుంది. "యమీలా రక్తపరీక్షలో చెడిన జన్యువేదీ దొరకలేదు విల్మార్ గారూ. అయినా భరోసా ఇవ్వలేను. కణం రెండయ్యే ముందు 'ఆగు, ఏమైనా చెడిందేమో చూసుకో' అనే కాపలా జన్యువులు కొన్నుంటాయి. అవి పాడైతే పేగులో కణాలకి అడ్డూ ఆపూ ఉండదు, క్యాన్సరవుతుంది. మీ ఆవిడకి వచ్చిన క్యాన్సర్‌లో ఏది పాడైందో తెలిస్తే, పిల్లలో సరిగ్గా దాన్నే వెతకొచ్చు. కానీ ఆవిడ పేగుముక్క ఉన్న 4417 దిమ్మ అయిపోయిందని రిజిస్టరులో ఉంది."

"అమ్మ ఏం మిగులుస్తుంది డాక్టరమ్మా! గిన్నె అడుగు గీకి మరీ తినేది," యమీలా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "అమ్మ నలభై ఒకటికే పోయింది. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. ఇంకా పదమూడేళ్లే మిగిలాయనుకోనా నాన్నా?"

విల్మార్ జీవితంలో ఆడిన అబద్ధం ఒక్కటే. తొమ్మిదేళ్ల కిందట, భార్య మిర్తా బూడిదను నదిలో కలిపిన మర్నాడు, ఆమె దిమ్మను ఇంకెవరూ కోయకుండా "అయిపోయింది" అని తన చేత్తోనే రాశాడు. వెర్రి మనిషి! ఇప్పుడు సొరుగు తెరిచి, చేతిరుమాలు మడతల్లోంచి దాన్ని తీశాడు.

"ఉంది," అన్నాడు.

"తొమ్మిదేళ్లుగానా? నేను భయంతో చస్తుంటే?"

"తప్పయిపోయింది తల్లీ. మీ అమ్మ ఈ కాస్తే మిగిలింది. కోస్తే ఇదీ ఉండదని..."

యమీలా కళ్లు తుడుచుకుంది. "కొయ్యి నాన్నా," అంది.

దిమ్మను ఐసు మీద పెట్టి తీశాడు. నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి వదిలాడు. ఈసారి చాలాసేపు వదిలాడు. చక్రం తిరిగేకొద్దీ ముక్క బియ్యపుగింజంత అయింది, తర్వాత ఆవగింజంత. డాక్టరు చాలంది. ఆ మాట పూర్తయ్యేసరికి తెగిన పొరలో ఉత్త మైనమే ఉంది. మిర్తా పోయింది. ఆమె మంచం పక్కన ఏడవని మనిషి నీళ్లతొట్టి అంచు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. యమీలా వచ్చి ఆయన వీపు నిమిరింది.

మిర్తా పొరలెక్కించిన గాజుపలకల ట్రే పరీక్షకి పట్టుకుని ముగ్గురూ మెట్లెక్కారు. యంత్రానికి దిమ్మ అలాగే బిగించి ఉంది, లోపల ఏమీ లేకుండా తెల్లగా, పక్కన పెన్సిల్‌తో ఆయన రాసిన 4417.