సున్నా చూపించే మీటర్

మీటర్ మళ్ళీ సున్నా చూపించింది. తొట్టెలో మరో చేప వెల్లకిలా తేలింది.

కొత్తగా రంగుచేపల కొట్టు తెరిచిన చెల్లెలికి ఇక మిగిలింది గోడవారనున్న పెద్ద తొట్టె ఒక్కటే. అందులోని చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అవీ పోతే కొట్టు మూసుకోవడమే. నీళ్ళలో అమోనియా ఎక్కువైతే చేపలు ఇలా అల్లాడతాయి. దాన్ని కొలిచే, అరచేతిలో ఇమిడే ఆ మీటర్ మాత్రం నీళ్ళు భేషుగ్గా ఉన్నాయంటోంది.

బ్యాటరీ మార్చింది. నీళ్ళు పోసి మీటర్‌లో పెట్టే గాజు సీసాను మెత్తటి గుడ్డతో తుడిచింది. అమోనియా ఉంటే నీళ్ళకు రంగు తెచ్చే పొడి, కొత్త పొట్లం విప్పింది. సున్నా. చివరికి కుళ్ళిన మేత కలిపిన నీళ్ళు, ముక్కు పగిలే కంపు కొడుతున్నవి, పోసి చూసింది.

అప్పుడూ సున్నాయే.

మీటర్ చెడిపోయిందన్నమాట. దాన్ని చేతిసంచిలో పడేసుకుని వీధి చివరనున్న అక్క కొట్టుకు పరుగెత్తింది. ఆమెకు ఈ పని నేర్పింది అక్కే. తను వాడుతున్న మీటర్‌ను చెల్లెలి చేతిలో పెట్టి, ఎలా చూడాలో చెప్పిందీ అక్కే.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్?" అంది అక్క, వలలోని చేపను సంచిలోకి వదులుతూ.

"నీ మీటర్ చచ్చిందక్కా. దీంతో ఒకసారి నీ నీళ్ళు చూడు."

"నా నీళ్ళకేం, పన్నీరు."

చేప కొన్నాయన తొందరపెడుతున్నాడు. అక్క అతనితో మాట్లాడుతూనే మీటర్ అందుకుంది. చేతులు వాటంతట అవే కదిలాయి. తన తొట్టె నీళ్ళు సీసాలోకి ముంచి, పొడి వేయకుండానే మీటర్‌లో పెట్టి సున్నా బటన్ నొక్కింది. తర్వాత సీసా బయటికి తీసి పొడి కలిపింది. రంగు వచ్చేదాకా ఆగి మళ్ళీ లోపల పెట్టింది.

అంకె వచ్చింది. చిన్నదే, కానీ సున్నా కాదు.

"బానే ఉందిగా," అంటూ తలెత్తిన అక్క, చెల్లెలి ముఖం చూసి ఆగిపోయింది.

"నాకు ముందు పొడి కలపమన్నావు," అంది చెల్లెలు. "రంగొచ్చాక సున్నా నొక్కమన్నావు."

ఆ రంగునే సున్నా అనుకోమంటే మీటర్ ఇంకేం చెబుతుంది? పాపం, దాని తప్పేం లేదు.

అక్క చేప సంచి కట్టి ఇచ్చి, కొన్నాయనను పంపించేసింది.

"ఏదో ధ్యాసలో చెప్పుంటానే."

"నిన్న ఫోన్ చేస్తే నీళ్ళు మార్చొద్దన్నావు. అదీ ధ్యాసేనా?"

అక్క స్టూలు మీద కూలబడింది. "నువ్వెళ్ళాక ఈ కొట్లో నాకు తోచట్లేదు. నాలుగు చేపలు పోతే నా దగ్గరికే వచ్చేస్తావనుకున్నా. ఇంతదాకా వస్తుందనుకోలేదే."

"నాలుగు చేపలు," అంది చెల్లెలు.

అక్క గబగబా లేచి తన తొట్టెలోని ఫిల్టర్ స్పాంజి తీసి సంచిలో పెట్టింది. బాగా నానిన పాత స్పాంజి. అమోనియాను తినేసే సూక్ష్మజీవులు దాని నిండా ఉంటాయి. కొత్త తొట్టెకు అంతకు మించిన మందు లేదు.

"సగం నీళ్ళు మార్చి ఇది పెట్టు. నేనూ వస్తా, పద."

చెల్లెలు సంచి అందుకుని వాసన చూసింది. మామూలు తొట్టె వాసనే.

"దీన్ని కొళాయి కింద కడిగి సూక్ష్మజీవుల్ని చంపేశావా అక్కా? లేక జబ్బు చేపల తొట్టెలోదా?"

"ఛ, ఏం మాటలే అవి? మంచిదే."

"మీటర్ కూడా మంచిదేగా."

చెల్లెలు సంచిని బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది.

తన కొట్టుకొచ్చి పెద్ద తొట్టె నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. కాసేపటికి గుమ్మం దగ్గర అక్క చెప్పుల చప్పుడైంది. చెల్లెలు లేచి, తలుపు గడియ పెట్టి, మళ్ళీ బకెట్ అందుకుంది.