మిరప కల్లంలో కబడ్డీ

రెండు జిల్లాల ఆడపిల్లల కబడ్డీ పోటీలు ఊళ్లో పెట్టాలనుకోగానే అందరి వేళ్లూ సుబ్బరావమ్మ మిరప కల్లం వైపే తిరిగాయి. కాయలు మార్కెట్ యార్డుకు వెళ్లిపోయాయి, కల్లం ఖాళీ. ఊడ్చి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పిస్తే అద్దంలా తయారైంది.

"ఇంత చదునైన నేల ఇంకెక్కడైనా ఉంటే చూపించండి!" అన్నాడు కమిటీ అధ్యక్షుడు వీరాంజనేయులు, మీసం దువ్వుకుంటూ.

సుబ్బరావమ్మకు మాత్రం ఒకటే దిగులు. మంచినీళ్లు చాలుతాయా, పప్పు అడుగంటుతుందా, అన్నిటికీ మించి, వచ్చినవాళ్లు మొహం ముడుచుకుని వెళ్లిపోరు కదా? ఇంటికొచ్చిన చుట్టం నవ్వుతూ బస్సెక్కినా ఆవిడకు రెండ్రోజులు అన్నం సయించదు. కోపంగా ఎక్కితే ఇంకేముంది!

మొదటి ఆట ఊరి జట్టుకూ కనిగిరి జట్టుకూ. ఊరి జట్టు కెప్టెన్ సుబ్బరావమ్మ మనవరాలు శ్రీదివ్య. కనిగిరి పిల్ల గీత దాటి కూతకొచ్చింది.

"కబడ్డీ కబడ్డీ కబ... హాఛ్!"

కూత ఆగింది, పాయింటు పోయింది. తర్వాతొచ్చిన పిల్లా తుమ్మింది. ఆ తర్వాతి పిల్ల కిందపడి, కళ్లనిండా నీళ్లతో లేచింది. జనం ఒకటే ఈలలు.

"ఏం అమ్మాయ్, మిరియాల పాలు పంపించమంటావా?"

పక్క ఊరి పీఈటీ బెన్నీ మాస్టారు రిఫరీ. ఆయన విజిల్లోకే తుమ్మేసరికి అది కోడిపుంజులా కూసింది.

సగం ఆటకే కనిగిరి కోచ్ హెలెన్ లేచింది. "సామాన్లు సర్దండే! ఇది కోర్టా, కారం మిల్లా?"

వంతు కోసం కూర్చున్న మిగతా జట్లూ తుమ్ముతూనే సంచులు అందుకున్నాయి.

"ఓడిపోయేవాళ్లకు తుమ్ము కూడా సాకే!" అన్నాడు వీరాంజనేయులు. "మా పిల్లలు తుమ్మారా?"

సుబ్బరావమ్మ వంగి చిటికెడు మట్టి తీసి వాసన చూసింది. మామూలు మట్టి వాసనే. హెలెన్ ముక్కు దగ్గర పెట్టింది. ఆవిడ తుమ్మీ తుమ్మీ కుర్చీలో కూలబడింది. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న ఘాటు తమకెవరికీ తెలియడం లేదని సుబ్బరావమ్మకు అప్పుడర్థమైంది. గబగబా వెళ్లి మైకు లాక్కుంది.

"తప్పు నేలది. నేల నాది. వేరేచోట మొదట్నుంచీ ఆడిద్దాం. ఎవరూ వెళ్లకండమ్మా!"

"నాయనమ్మా! మనం గెలుస్తున్నామే!" అని శ్రీదివ్య గోల పెట్టింది.

"అందరూ వెళ్లిపోయాక కప్పు పెట్టుకుని ఎవరితో ఆడతావే?"

వీరాంజనేయులు పంతం విడవలేదు. "పైన టార్పాలిన్ పట్టాలు పరిస్తే సరి!" అని తెప్పించి దులిపించాడు. అవీ మిరపకాయలు ఎండబెట్టినవే. ఈసారి ఊరంతా తుమ్మింది, అందరికంటే గట్టిగా అధ్యక్షుడే.

"ఈ ఊళ్లోనే మా చర్చి ఆవరణ ఉందిగా, ఇసక నేల," అన్నాడు బెన్నీ, కళ్లు తుడుచుకుంటూ.

అంతే, చూడ్డానికి వచ్చినవాళ్లు చూడ్డం మానేశారు. ఒకడు షామియానా గుంజ పీకాడు, ఇంకొకడు కుర్చీలు నెత్తికెత్తుకున్నాడు. ఈలలు వేసిన కుర్రాళ్లే అన్నం గుండిగలు మోశారు. మైకు పెట్టిన మాలిక్ ట్రాక్టరు మీద కూర్చుని, దారి పొడుగునా "ఆట కదిలింది, జనం కదలండి" అని అరుస్తూనే ఉన్నాడు. చర్చి ఆవరణలో సున్నం గీతలు గీసేసరికి, ఆ పోటీలు తనవి కావనుకునే మనిషి ఊళ్లో లేడు.

ఆట మళ్లీ మొదలైంది. కనిగిరి పిల్లలు ఊపిరి బిగబట్టి కూతకొస్తే శ్రీదివ్య జట్టు గాలికి ఎగిరే దూదిపింజైపోయింది. చిత్తుగా ఓడారు. జనం మాత్రం గెలిచినట్టే చప్పట్లు కొట్టారు. కప్పు చివరికి కనిగిరికే పోయింది. వీరాంజనేయులు అలిగి టీ కూడా ముట్టలేదు.

కనిగిరి జట్టు వ్యాను బయల్దేరే వేళకు సుబ్బరావమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. "ఇంకొంచెం పెరుగన్నం..."

"ఇంక చోటు లేదు మామ్మగారూ!" అని పొట్ట చూపించింది హెలెన్. "వచ్చే ఏడూ మీ ఊళ్లోనే పెట్టండి, వస్తాం."

లోపల శ్రీదివ్య కనిగిరి పిల్లల మధ్య ఇరుక్కుని ఫోన్ నంబర్లు రాసుకుంటోంది. దిగమంటే, "ఊరి చివరి దాకా వెళ్లొస్తానే!" అంది.

సుబ్బరావమ్మ ఒక్క క్షణం చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తనూ ఎక్కేసింది. "జరగండే!"

ఊరి చివర వ్యాను ఆగింది. శ్రీదివ్య దిగింది. ఆవిడ దిగలేదు.

"ఆ మలుపు దాకా పోనీవయ్యా," అంది డ్రైవరుతో.