ఎనిమిదో ప్రధాన సంఖ్య

కృపాకర్ కోదాడ నుంచి మా మిర్యాలగూడ బడికి బదిలీ మీద వచ్చేదాకా ఇక్కడ లెక్కలంటే నేనే. పదకొండేళ్లు. ఆయన వచ్చిన మూడు నెలలకే పిల్లలు ఇంటర్వెల్‌లో ఆయన బల్ల చుట్టూ మూగడం మొదలుపెట్టారు. నాకు కడుపు మండింది. దాచడమెందుకు, ఆయన్ని చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

జిల్లా గణిత మేళా కోసం ఆయన ఒక చార్టు రాయించాడు. 31, 331, 3331, ఇలా ముందు ఒక్కో మూడు చేర్చుకుంటూ పోతే అన్నీ ప్రధాన సంఖ్యలే. ఒకటీ, తానూ తప్ప వాటిని ఇంకేదీ శేషం లేకుండా భాగించదు. అలా వరసగా ఏడు. ఎనిమిదోది 33,33,33,331. దాన్ని ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెద్దగా రాయించి, కింద 'ఇదీ ప్రధాన సంఖ్యే' అని పెట్టించాడు.

మా బడిలో ఒకరు చేయించిన చార్టును ఇంకో లెక్కల టీచరు సరిచూసి సంతకం పెట్టాలి.

"ఆండాలు మేడం గారూ, మీరొకసారి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుందండి," అన్నాడు.

ఇంట్లో కూర్చుని భాగించాను. ఏడుతో పోలేదు. పదకొండు, పదమూడుతోనూ పోలేదు. పదిహేడుతో పోయింది. 1,96,07,843 సార్లు, శేషం సున్నా. ఎంత సంబరమైందో చెప్పలేను. మర్నాడు నోరు మెదపకుండా సంతకం పెట్టాను. జిల్లా అంతటి ముందు ఆయన పరువు పోవాలి, అంతే.

నాలుగు రోజులకు జిల్లా కేంద్రంలో మేళా. చార్టు గురించి పదో తరగతి చాందీ తడబడకుండా చెప్పింది. మార్కులు వేయడానికి వచ్చిన నాగేందర్ సార్ ఎర్ర అంకెల మీద వేలు పెట్టాడు.

"ఏడు అయినయని ఎనిమిదోది గూడ అయితదా బిడ్డా? భాగించి సూసినవా?"

"మా మేడం సూసిండ్రు సార్. సంతకం గూడ పెట్టిండ్రు," అంది చాందీ నా వైపు చూస్తూ.

"ఇది ప్రధాన సంఖ్య కాదు. ఏది భాగిస్తదో మీరే పట్టుకోండ్రి." ఆయన నా వైపు తిరిగాడు. "మీరు సూసిండ్రా మేడం?"

తెలుసంటే దుర్మార్గురాలిని. తెలియదంటే మొద్దును. ఇంతలో కృపాకర్ ముందుకొచ్చాడు.

"తప్పు నాదండి. నా మీద నమ్మకంతో పెట్టారావిడ."

"నేను సరిగ సూసుకోలేదు సార్," అన్నాను నాగేందర్ సార్‌తో.

చాందీకి ఏ బహుమతీ రాలేదు. తిరుగు బస్సులో ఆ పిల్ల ముఖం కిటికీ వైపు పెట్టుకుని కూర్చుంది. పలకరించడానికి నాకు మొహం చెల్లలేదు. కృపాకర్ మాత్రం మేళాలో ఇచ్చిన కాగితం వెనక భాగించుకుంటూనే ఉన్నాడు. వాడపల్లి సిమెంటు లారీ ఒకటి మా బస్సును దాటుతుండగా తలెత్తాడు.

"పదిహేడు మేడం గారూ. పదిహేడుతో పోయిందండి."

చాందీ కాగితం లాక్కుని తనే గుణించి చూసుకుంది. పొద్దున్నుంచి లేని నవ్వు ఆమె ముఖంలోకి వచ్చింది.

"మీరు గిట్ల ఎట్ల పట్టిండ్రు సార్?"

నేను పట్టాను, ముందు నేను పట్టాను. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"మంచిగ పట్టిండ్రు సార్," అన్నాను.