మా అమ్మ అడిగిన పువ్వు

మా అమ్మ దేవుడు లేడన్న మనిషి అని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. పుట్టినవాళ్ళు ఆ పొద్దు భయంతో కళ్ళు మూసుకున్నారు. నేను తెరుచుకునే ఉన్నాను. అందుకని ఈ సంగతి చెప్పే హక్కు నాది, ఎవరికేమైనా అభ్యంతరం ఉంటే నా దగ్గరికి వచ్చి చెప్పవచ్చు.

మాది గుడియాత్తంలో నేతవాళ్ళ వీధి. మా నాన్న గోవిందసామి మంచి పనివాడు, మంచి పిరికివాడు కూడా. ఒప్పుకున్న బట్ట వేళకు పూర్తికాకపోతే షావుకారు మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి కేకలేసేవాడు. ఆ కేక వినగానే నాన్న మగ్గం గుంతలోకి దిగిపోయేవాడు. కాళ్ళు పెట్టుకోవడానికి తవ్విన ఆ గుంతలో మనిషి మనిషంతా ఎలా పట్టేవాడో నాకు తెలియదు. "నాయన లేడు" అని చెప్పడం నా పని. ఒకసారి నేను ఇంట్లో లేను. కంగారులో నాన్నే గుంతలోంచి "గోవిందసామి లేడప్పా" అని బదులిచ్చాడు.

షావుకారు మనిషి నవ్వి, మా అరుగు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "సరిలే. లేనోడు బయటికి వచ్చేదాకా నేను యాడికీ పోను" అన్నాడు. పొద్దుగూకేసరికి నాన్న బయటికి రాక తప్పలేదు. వీధంతా కొన్నాళ్ళు ఇదే చెప్పుకుని నవ్వింది.

మా అమ్మ కన్నియమ్మకు నవ్వు రాలేదు. అంతకు ముందు ఎండాకాలమే మా అక్క పాపాతి మశూచితో పోయింది. మా వీధిలో దాన్ని రోగమనేవాళ్ళు కాదు, మారెమ్మ ఇంటికి వచ్చిందనేవాళ్ళు. వేపమండలు కట్టారు, అంబలి పోశారు, అమ్మ మొక్కని మొక్కు లేదు. అయినా అక్క పోయింది. వీధి పెద్ద రంగరాజులు వచ్చి, "ఏడవగూడదు కన్నియమ్మా. ఇష్టమైన బిడ్డ గనక మారెమ్మ తన దగ్గరికి తీసుకునింది. ఏడిస్తే ఆమెకు కోపం వస్తాది" అన్నాడు. అమ్మ ఏడవలేదు. కన్నకూతురు పోతే ఏడవొద్దని చెప్పడానికి ఆయనకు నోరెలా వచ్చిందో అని నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత కూడా అమ్మ ప్రతి శుక్రవారం మారెమ్మ గుడికి పోయేది. దండం పెట్టుకుంటూ ఏదో గొణిగేది. మంత్రమనుకున్నాను. ఒక రోజు ఆనుకుని నిలబడి వింటే అది పోట్లాట. "ఏమి చేసింది అది నిన్ను? నీకు ఏమి తక్కువైంది?" అంటోంది.

ఢిల్లీలో కొత్త రాజుకు పట్టం కట్టిన ఏడాది మశూచి మళ్ళీ వచ్చింది. మా వెనక వీధిలో రెండు ఇళ్ళకు వేపమండలు కట్టారు. సర్కారు టీకాలవాడు పెట్టె పట్టుకుని మా వీధికి వచ్చాడు. అమ్మ అందరికన్నా ముందు నన్ను ఈడ్చుకుపోయి అతని ముందు నిలబెట్టింది. రంగరాజులు అడ్డం వచ్చాడు. మారెమ్మ రాకుండా సూదితో అడ్డుకోవడమంటే ఆమె మొహాన తలుపు వేయడమేననీ, ముందు ఆమెను పువ్వు అడగాలనీ అన్నాడు. టీకాలవాడు వేలూరుకు తిరిగిపోయాడు.

పువ్వు అడగడమంటే ఇది. ఒక తెల్ల గన్నేరు పువ్వు, ఒక ఎర్ర గన్నేరు పువ్వు వేరువేరుగా అరిటాకు ముక్కల్లో చుట్టి, నూలుపోగుతో కట్టి, కలిపేసి అమ్మవారి ముందు పడేస్తారు. చిన్నపిల్ల వచ్చి ఒకటి తీస్తుంది. తెలుపైతే సరేనన్నట్టు, ఎరుపైతే వద్దన్నట్టు. ఆ శుక్రవారం తీయడానికి నన్ను పిలిచారు. మారెమ్మ మా అక్కను ఇష్టపడి తీసుకుంది గనుక మా ఇంటి పిల్ల చెయ్యి మంచిదట. నాకప్పుడు ఏడేళ్ళుంటాయేమో. నన్ను పిలిచినందుకు గర్వపడ్డాను కూడా.

పూజారి తిరువేంగడం పొట్లాలు పడేశాడు. ఈ వీధి పిల్లలకు సూది వేయించవచ్చునా అని రంగరాజులు గట్టిగా అడిగాడు. నేను ఒకటి తీశాను. ఎర్ర పువ్వు.

"మారెమ్మ చెప్పేసింది. ఇంగ ఎవురూ ఆ మాట ఎత్తగూడదు" అన్నాడు రంగరాజులు. జనం లేవబోయారు.

"మామా, ఇంకొక పువ్వు అడగాల" అంది అమ్మ.

"అడిగిన మాట మళ్ళీ అడగగూడదమ్మా."

"అదే మాట కాదు. వేరే మాట."

పూజారి పళ్ళెంలో మిగిలిన పూలలోంచి ఒక తెల్లది, ఒక ఎర్రది తీసుకుంది. అందరి ముందూ ఆకుల్లో చుట్టింది, కట్టింది, కొంగులో వేసి కుదిపి మెట్టు మీద పడేసింది. తర్వాత నిలబడి లోపలికి చూస్తూ అడిగింది.

"మారెమ్మా, నువ్వు ఉండావా? ఉంటే తెలుపు. లేకుంటే ఎరుపు."

నా పని ఇంకా అయిపోలేదనుకుని నేను వంగి ఒక పొట్లం తీసుకున్నాను. అప్పుడు తిరువేంగడానికి తెలివి వచ్చింది. రెండో పొట్లం లాక్కుని, విప్పకుండానే సాంబ్రాణి నిప్పుల్లో పడేశాడు. రంగరాజులు నా వైపు చెయ్యి చాచి, "అది ఇట్లా ఇయ్యి పాపా" అన్నాడు. నేను అమ్మ వెనక్కి పోయాను.

"నమ్మేవాళ్ళు అడగాల్సిన మాటేనా ఇది?" అన్నాడాయన.

"ఆవును అమ్మాలంటే ఆమెను అడిగినారు. బావి తవ్వాలంటే అడిగినారు. ఈ పొద్దు నా బిడ్డ బతుకు అడిగినారు. మా సంగతి అంతా ఆమెను అడగవచ్చు, ఆమె సంగతి ఒక్కటి అడగగూడదా?"

"తప్పు కన్నియమ్మా."

"సరి, తప్పే. పువ్వు చెప్పేది మారెమ్మ మాటే కదా మామా?"

"ఆమె మాటే."

"అయితే విప్పేదానికి భయమెందుకు? తెలుపే వస్తాది కదా." అమ్మ ఒక మెట్టు దిగి ఆయనకు ఎదురుగా నిలబడింది. "ఎరుపు వస్తాదేమో అని నీ భయం. ఆమె ఉండి కూడా ఎరుపు రావచ్చునంటే పువ్వు అబద్ధం చెప్తాదని నువ్వే ఒప్పుకున్నట్టు. అబద్ధం చెప్పే పువ్వుకు నా బిడ్డను నేను ఎందుకు ఇయ్యాల?"

బదులు దొరకనప్పుడు పెద్దమనుషులు చేసే పనే ఆయనా చేశాడు. సూది వేయిస్తే మా ఇంటికి నిప్పూ నీళ్ళూ ఉండవని అరిచాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నేరుగా స్టేషన్ దారి పట్టింది. ఇంటికి పోయి నాన్నకు చెప్పను కూడా లేదు.

రైల్లో పొట్లం నా గుప్పిట్లోనే ఉంది. కాట్పాడి వచ్చేలోపల నాకు తోచక నూలుపోగు లాగబోయాను. అమ్మ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ఏమ్మా, తెలుపో ఎరుపో చూద్దాం."

"సుమ్మా ఉండు, దాన్ని ముట్టగూడదు" అంది. పొట్లం తీసుకుని కొంగున ముడి వేసుకుంది. దిగేదాకా ఆ ముడి మీది చెయ్యి తీయలేదు. గుడి దగ్గర అంతమందిని నిలదీసిన మనిషికి ఆ ఆకు పొట్లం విప్పాలంటే భయమని నాకప్పుడు తెలిసింది. నాకూ భయం వేసింది.

పాలారు ఇసుక దాటి వేలూరు చేరాం. టీకాలు వేసేచోట నా చెయ్యి పట్టుకున్నామె పేరు ఆరోకియమేరి, తొరపాడిలో ఉండే తెలుగు కిరస్తానీ ఆమె. మా తెలుగు మాట విని సంతోషపడింది. చేతిని మూడు చోట్ల గీకుతుంటే నేను ఊరంతా వినపడేలా ఏడ్చాను. ఆమె నన్ను ఊరడించి, "భయం లేదమ్మా. ఇంగ అంతా యేసుసామి చూసుకుంటాడు" అని అమ్మతో అంది.

"ఉండావా అని నువ్వు ఎప్పుడన్నా ఆయన్ను అడిగినావా?" అంది అమ్మ.

ఆమె గబగబా గుండె మీద సిలువ వేసుకుంది. "అట్లా అడగగూడదు. నమ్మాల."

"మీకూ ఒక రంగరాజులు ఉండాడన్నమాట."

రంగరాజులు ఎవరో ఆమెకేం తెలుసు. నా చేతికి గుడ్డ చుట్టడం పూర్తయ్యాక, మెల్లగా అంది, "మా తమ్ముడు పోయినప్పుడు ఒకసారి అడిగినాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మళ్ళీ అడుగు" అంది అమ్మ.

ఊరికి వచ్చాక నా చెయ్యి వాచింది, జ్వరం వచ్చింది. మారెమ్మ పగ తీర్చుకుంటోందని వీధి వీధంతా ఎదురుచూసింది. బావి దగ్గర అమ్మ కడవకు దారి ఇచ్చినవాళ్ళు లేరు. అమ్మ తెల్లారకముందే పోయి నీళ్ళు తెచ్చుకునేది. నాన్న మాత్రం, "నువ్వు చేసింది సరే కానీ కన్నియమ్మా, కొంచెం మెల్లగా చేసి ఉండవచ్చు" అనేవాడు. మెల్లగా ఎలా చేయాలో ఆయన చెప్పలేదు.

జ్వరం తగ్గింది. చేతి మీది పుండ్లు ఎండి, పొక్కులు రాలిపోయాయి. ఆ శుక్రవారం పొద్దున రంగరాజులు, తిరువేంగడం, వాళ్ళ వెనక వీధి జనం మా గుమ్మంలోకి వచ్చారు. నాన్న అలవాటు కొద్దీ మగ్గం గుంతలోకి దిగాడు.

"నీ బిడ్డ బాగుండాది, సంతోషం" అన్నాడు రంగరాజులు. ఈసారి ఆయన గొంతు పెంచలేదు. "పొట్లం విప్పేదానికి నాకు భయమని నలుగురిలో అన్నావు. నువ్వు విప్పినావా?"

అమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

"విప్పలేదు. కొంగున కట్టుకునే తిరుగుతా ఉండావు. నీకూ భయమే. ఈ పొద్దు అందరి ముందరా విప్పు. తెలుపు వస్తే మారెమ్మ ఉండాది, ఆమె వద్దన్న పని చేసినావు, వీధి వదిలి పో. ఎరుపు వస్తే, లేదనుకునే దేవత వీధిలో నీకు ఇల్లెందుకు, అప్పుడూ పో. లేకుంటే గుడి మెట్ల మీద సాష్టాంగపడి తప్పు ఒప్పుకో."

ఆ మనిషంటే నాకు అసహ్యం. కానీ ఆయన అన్నది నిజం. తెలుపు వస్తే మారెమ్మ ఉంది, ఉండి మరీ మా అక్కను తీసుకుంది. ఎరుపు వస్తే ఎవరూ లేరు, అక్క ఊరికే పోయింది, ఎందుకని అడగడానికైనా దిక్కు లేదు. అమ్మ ఆ రెంటినీ మోసుకుని ఇన్నాళ్ళూ తిరిగింది. తప్పు ఒప్పుకుంటే అన్నీ తీరిపోయేవి.

అమ్మ ముడి విప్పింది. నూలుపోగు పళ్ళతో కొరికింది. వీధిలో కళ్ళన్నీ మూసుకున్నాయి, తిరువేంగడం చెవులు కూడా మూసుకున్నాడు. ఎండిన ఆకు విడిపోయింది.

ఎర్ర పువ్వు. వాడిపోయి నల్లబారింది కానీ ఎరుపే.

"మారెమ్మా" అన్నాడు రంగరాజులు. ఆయన మొహంలో గెలుపు లేదు, నెత్తురు చుక్క లేదు. అమ్మ మొహం ముడుచుకుపోయింది. పడిపోతుందేమోనని నేను కొంగు పట్టుకున్నాను. పట్టుకోవడానికి ఏదైనా కావాలన్నట్టు అమ్మ ఇంట్లోకి చూసింది. మగ్గం కింద గుంతలోంచి నాన్న తల సగం పైకి లేచి చూస్తోంది. అమ్మ ఆ తలను చూసింది, చేతిలో పువ్వును చూసింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"లేను అంటా ఉండాది" అంది.

"ఎవురు?"

"ఆమె. నేను పోయి గుమ్మంలో నిలబడి అడిగినాను కదా. బదులు చెప్పాల్సి వస్తాదని, లోపల నక్కి లేను అంటా ఉండాది. మా ఆయన మాదిరి."

మా గుమ్మంలోంచి గుడిదాకా జనం దారి ఇచ్చారు. ఇవ్వాలనుకుని కాదు, అమ్మ నడిచింది గనుక. వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. నాన్న గుంతలోంచి బయటికి వచ్చాడు, అంతమంది ఎదుట, పట్టపగలు. భుజాన తువ్వాలు వేసుకుని మా వెనకే నడిచాడు.

గుడి మెట్టు మీద అమ్మ ఆ పువ్వు పెట్టింది. నాన్న భుజం మీది తువ్వాలు లాగి, పరుచుకుని కూర్చుంది.

"లేనన్నావు, విన్నాను. నా పాపాతిని యాడ పెట్టినావో చెప్పి, ఆ తర్వాత లేకుండా పో. చెప్పేదాకా నేను యాడికీ పోను."

లోపల దీపం వెలుగుతోంది, అంతే. అమ్మ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఏడ్చింది, అక్క పోయిన నాటినుంచి ఆపుకున్నదంతా, వీధి చివరిదాకా వినపడేలా. నాన్న పక్కన కూర్చున్నాడు. రంగరాజులు కొంచెం దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏడవొద్దని గానీ, వీధి వదిలి పొమ్మని గానీ ఆయన అనలేదు.