జోగమ్మ పదిహేడు పెట్టెలు

ఏడో పెట్టె అడుగు మూత తీసి, బ్యాటరీలు ఉన్నాయేమోనని జోగమ్మ వేలు పెట్టి తడిమింది. లేవని తెలుసు. తీసింది తనే. అయినా తడిమి చూడకుండా మూత వేయడం ఆమెకు చేతకాదు. బ్యాటరీలు లోపల మరిచిపోతే అవి కారి, రేకుల్ని పచ్చగా తినేస్తాయి. ఒకసారి అలా తినేసిన దాన్ని వెనిగర్ అద్దిన దూదితో మూడు రోజులు తుడిచి బాగుచేసింది. మూత నొక్కి, పాత పంచె ముక్కతో పైనంతా ఒత్తి, చెమ్మ పీల్చే పొట్లం పక్కన పెట్టి ఎనిమిదో పెట్టె ముందుకు జరిగింది.

స్టీలు ప్లాంటున్న ఆ ఉత్తరాది ఊళ్ళో, కద్మా పేటలోని ఆ ఇంట్లో ఈ గది కిటికీ ఎప్పుడూ తెరవరు. ఎండ పడితే తెల్ల ప్లాస్టిక్కు పసుపు రంగుకు తిరుగుతుంది, గాలి వస్తే ప్లాంటు ధూళి వస్తుంది. గోడ పొడవునా మూడు అరల్లో పదిహేడు పెట్టెలు. టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే ఆటల యంత్రాలు, లోకంలో అలాంటివి పుట్టిన కొత్తల్లోవి. స్టీలు ప్లాంటులో ఇంజనీరుగా రిటైరైన భీమశంకర్ నలభై ఏళ్ళపాటు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి పోగుచేసినవి. ఆయన పెళ్ళి చేసుకోలేదు.

జోగమ్మకు అరవై దాటాయి. పొట్టి మనిషి. నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదు. శ్రీకాకుళం వైపు నుంచి తండ్రి వెంట వచ్చి, ప్లాంటు కొలుములకు కొత్త ఇటుక కట్టేటప్పుడల్లా కాంట్రాక్టు కూలీగా ఇటుకలు మోసింది. ఆ బరువుకు ఊడిన జుట్టు మళ్ళీ రాలేదు. మోకాలు మొరాయించాక, పంతొమ్మిదేళ్ళ క్రితం ఈ ఇంట్లో వంటకు కుదిరింది. మొదట్లో ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. అయితే అన్నిటికన్నా పాతదైన యంత్రానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కరితో అది ఆడదు. అలా ఒక మధ్యాహ్నం అంట్లు తోముతున్న ఆమెను భీమశంకర్ పిలిచి, ఆట నడపడానికి తిప్పే నాబ్ ఉన్న చిన్న పెట్టె ఒకటి చేతికి ఇచ్చారు. తెర మీద ఒక తెల్ల చుక్క, అటూ ఇటూ రెండు తెల్ల పలకలు. శబ్దం లేదు, అంకెలు లేవు. పాయింట్లు నోటితో లెక్కపెట్టుకోవాలి. నెల తిరగకుండానే జోగమ్మ ఆయన్ని ఓడించింది.

రెండేళ్ళ క్రితం పక్షవాతం ఆయన కుడి పక్కనీ మాటనీ తీసుకుపోయింది. అప్పటి నుంచి ఆ గది ఆమెదే.

పది గంటలకు సాహిత్య వచ్చింది. బెంగళూరు మ్యూజియంలో ఉద్యోగం. పుట్టిపెరిగింది మాత్రం ఈ ఊరి గోవింద్‌పూర్‌లోనే. పెట్టెలన్నీ మ్యూజియానికి ఇచ్చేస్తానని భీమశంకర్ ఎడమచేత్తో సంతకం పెట్టి నెలైంది. ఈ రోజు చూసి, రాసుకుని, తీసుకుపోతారు. చక్రాల కుర్చీలో ఆయన్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి జోగమ్మ ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది.

"దీనికి వైరు మడతెట్టకు తల్లీ, సుట్టాలి. ఇదిగో ఇది వానాకాలం మొండికేత్తాది. గంటసేపు బల్బు కింద ఎడితే పలుకుతాది."

"ఏక్ మినిట్ అమ్మా, లిఖ్ రహీ హూఁ," అంటూ సాహిత్య ఆ మాటలన్నీ రాసుకుంటోంది. తన మాట ఒకరు రాసుకోవడం జోగమ్మ అంతవరకూ చూడలేదు. కొంగు సర్దుకుంది.

ఆఖర్న ఆ పాత యంత్రం వచ్చింది. పంతొమ్మిది వందల డెబ్బై రెండు నాటిది. సాహిత్య ఊపిరి బిగబట్టి దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎడమవైపు ఆటగాడి పెట్టె చేతిలోకి తీసుకుని ఆగింది. దాని నాబ్‌ను గోటితో గీరింది.

"యే ఒరిజినల్ నహీ హై. ప్లాస్టిక్ కాదు ఇది. కిస్‌నే లగాయా, ఎవరు పెట్టారు?"

తొమ్మిదేళ్ళుగా జోగమ్మ భయపడిన ప్రశ్న అది. పెనిమిటి జ్వరంతో పోయిన ఏడాది, తుడుస్తుంటే చెయ్యి జారి పెట్టె కింద పడింది. నాబ్ ముక్కలైంది. చెబితే పని పోతుందనుకుంది. అప్పటికే చేతి నుంచి తీసేసిన నల్ల లక్కగాజు ఒకటి పొయ్యి మీద కాచి, వేళ్ళు కాలుతున్నా మిగిలిన మొండి కడ్డీ చుట్టూ అద్ది, గుండ్రంగా తిప్పి, యథాస్థానంలో పెట్టేసింది. ఆయన ఏమీ అడగలేదు. కనిపెట్టలేదనుకుంది.

ఇప్పుడు తన మూలంగా ఆయన ప్రాణంలాంటి వస్తువును మ్యూజియం వద్దంటే?

కుర్చీవైపు చూడకుండానే చెప్పింది. "నానే తల్లీ. నా సేతిలోనే ఇరిగిపోనాది. గాజు కరిగించి అంటించినాను. బాబుగోరికి సెప్పనేదు. తప్పు నాది, ఆయనది కాదు. దీన్ని మాత్తరం ఒగ్గేయకు."

భీమశంకర్ గొంతులోంచి "ఊఁ" అని శబ్దం వచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తి పై అర చూపించారు. అక్కడ నీలం అట్ట పుస్తకం. పెట్టెలతోపాటు జోగమ్మ రోజూ దుమ్ము దులిపేదే. ఆమెకు చదువు రాదు.

సాహిత్య పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ఎడమ పెట్టె నాబ్ విరిగింది. జోగమ్మ లక్కతో చేసింది. తను చెప్పలేదు, నేను అడగలేదు. పట్టు పాతదానికన్నా బాగుంది. ఎవరూ మార్చకూడదు."

ఆ ఏడాది నుంచి ఆటకు కూర్చున్నప్పుడల్లా ఆయన ఎడమ పెట్టే ఎందుకు తీసుకునేవారో జోగమ్మకు అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటి బాబూ," అంది చివరికి, "అన్నేళ్ళు నా సేత భయం మోయించీసినారు."

ఆయన నోరు ఒక పక్కకే నవ్వింది.

"మ్యూజియం కార్డు మీద మీ పేరు రాస్తాను. మరమ్మతు: జోగమ్మ," అంది సాహిత్య. "ఒక్కసారి ఆడి చూపిస్తారా? వీడియో తీసుకుంటాను."

బ్యాటరీలు వేశారు. భీమశంకర్ ఎడమ చేతికి ఆ పెట్టె అందించి, జోగమ్మ నేల మీద చతికిలబడి రెండోది తీసుకుంది. చుక్క వచ్చింది, వెళ్ళింది. "ఒకటి... రెండు... సూడండి బాబూ, మూడు!" ఆయన ఐదు కొట్టారు. ఆమె కావాలని ఓడలేదు. పదికి గెలిచింది.

బ్యాటరీలు తీసి, వేలితో తడిమి చూసి, తనే యంత్రాన్ని గుడ్డలో చుట్టింది. మూడింటికి పదిహేడు పెట్టెలూ వ్యాను ఎక్కాయి. సాహిత్య వంగి ఇద్దరి కాళ్ళకూ దణ్ణం పెట్టి వెళ్ళింది.

వ్యాను మలుపు తిరిగేదాకా భీమశంకర్ వరండాలోనే చూశారు. పడుకుంటానని సైగ చేశారు. జోగమ్మ మంచం మీద సర్ది, దుప్పటి కప్పి, "జావ కాసి తెత్తాను," అంది. కాసి తెచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. రెండుసార్లు పిలిచింది. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత గ్లాసు కింద పెట్టి, ఆయన ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

సాయంత్రానికి ఇరుగుపొరుగు వచ్చారు. డాక్టరు చూసి వెళ్ళాడు. మందుల కాగితాలు ఏ గదిలో ఉన్నాయని ఎవరో అడిగితే జోగమ్మ లేచి పెట్టెల గదిలోకి వెళ్ళి దీపం వేసింది. అరలు ఖాళీ. టీవీ మాత్రం అక్కడే ఉంది. ఆ పాత యంత్రానికి రంగులు రావు. అందుకే తెర మీద రంగుల ప్లాస్టిక్ రేకు ఒకటి పరిచి ఆడతారు. అందరూ దాన్ని మరిచిపోయారు. తెల్ల గీతలున్న పచ్చటి టెన్నిస్ మైదానం, జిగురూ మేకూ ఏమీ లేకుండా, ఆరిపోయిన తెర గాజును ఇంకా అంటిపెట్టుకునే ఉంది.